ఇంటికంటే ముందు రిహాబ్ వార్డుకే తీసుకెళ్లండి

అమలాపురం దగ్గరి పల్లె నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది, కాస్త కుదించి ఇస్తున్నాను.

"మా ఆయనకి 46 ఏళ్లండి. కొబ్బరికాయల వ్యాపారం, కొంచెం వరిచేను. విరేచనాలు పట్టుకుని తగ్గిన వారానికి అరికాళ్లు తిమ్మిరన్నారు, మర్నాటికి అరుగు ఎక్కలేకపోయారు, నాలుగో రోజుకి చేతులు కూడా పడిపోయాయి. కాకినాడ తీసుకెళ్తే గిలియన్ బారే సిండ్రోమ్ అనే నరాల జబ్బని ఐసీయూలో పెట్టారు. వెంటిలేటరు, మెడకి గొట్టం అన్నీ అయ్యాయి. దేవుడి దయవల్ల గొట్టం తీసేశారు, మాట వచ్చింది, వేళ్లు కదుపుతున్నారు, దిండ్లు ఆనిస్తే కూర్చుంటున్నారు. కాళ్లు మాత్రం లేవట్లేదు. ఇప్పుడు డాక్టర్లు రిహాబ్ వార్డులో ఆరు నుంచి ఎనిమిది వారాలు ఉంచమంటున్నారు. ఈయనేమో చచ్చినా బతికినా ఇంటి దగ్గరే, తీసుకుపొమ్మని ఏడుస్తున్నారు. రోజూ ఒక గంట ఫిజియోని ఇంటికి పిలిపిస్తే సరిపోతుంది కదా వదినా అని మా మరిది అంటున్నాడు. నూనె మర్దనా చేయిస్తే లేస్తాడని మా అత్తగారు. డబ్బు ఇప్పటికే చాలా అయింది. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, కాలేజీ మానేసి నాన్న దగ్గరుంటానంటోంది. అసలు ఆ వార్డులో ఏం చేస్తారు? వెళ్లాలా? మళ్లీ మామూలు మనిషవుతారా? మీకూ ఇదే జబ్బు వచ్చి తగ్గిందని తెలిసి రాస్తున్నాను."

వెళ్లాలి చెల్లెమ్మా. రిహాబ్ వార్డంటే పడిపోయిన ఒంటికి మళ్లీ పనులు నేర్పించే వార్డు, అక్కడ బెడ్ దొరికితే వదులుకోవద్దు. నేను డాక్టర్ని కాదు, పాలకొల్లు పక్కన హైస్కూల్లో లెక్కల మాస్టారిని, కాబట్టి మందులేం వాడాలి, ఎప్పుడు లేపాలి అన్నది మీ డాక్టర్లు చెప్పాల్సిందే. కానీ అదే జబ్బుతో పడుకుని, ఐసీయూ నుంచి రిహాబ్ వార్డుకి స్ట్రెచర్ మీద వెళ్లి, అక్కడి నుంచి చేతికర్రతో బయటికి నడిచొచ్చినవాడిగా చెబుతున్నాను. నా ప్రాణం ఐసీయూలో నిలబడింది, నా పనులు నేను చేసుకోవడం మాత్రం ఆ వార్డులోనే మళ్లీ మొదలైంది.

ముందు మీ ఆయన ఏడుపు గురించి మాట్లాడుకుందాం, ఎందుకంటే అది తేలకుండా మిగతాదేదీ ముందుకి సాగదు. ఈ జబ్బులో ఒళ్లు పడిపోతుంది గానీ తెలివి పోదు. కదలలేడు, మాట్లాడలేడు, దురద పుడితే గోక్కోలేడు, కానీ పక్క బెడ్ అలారం వినిపిస్తుంది, డ్యూటీ మారేటప్పుడు నర్సులు చెప్పుకునేవి వినిపిస్తాయి, రాత్రేదో పగలేదో తెలియని ఆ లైట్ల కింద పక్కవాళ్లని తీసుకుపోవడం కూడా కనిపిస్తుంది. అవన్నీ చూసిన మనిషికి ఇంకో వార్డు అనగానే మళ్లీ అక్కడికే పంపేస్తున్నారన్న భయం పట్టుకుంటుంది. "నీ మంచికేనయ్యా" అని చుట్టాలందరూ మంచం చుట్టూ నిలబడి నచ్చచెబితే ఆ భయం పోదు, ఇంకా పెరుగుతుంది. మీరొక్కరే కూర్చుని, అక్కడ ఎవరి బట్టలు వాళ్లు కట్టుకుంటారని, పగలంతా మంచం దిగి ఉంటారని, ఇంటిమనిషి పక్కనే ఉండొచ్చని చెప్పండి (ఉండనిస్తారో లేదో ముందు కనుక్కునే చెప్పండి, మాట తప్పితే ఇక నమ్మరు). వీలైతే మీరు వెళ్లి ఆ వార్డుని ఫోన్లో వీడియో తీసి చూపించండి. రెండు వారాలకి ఏం సాధించాలో డాక్టరుచేత ఆయన ఎదుటే చెప్పించి, అప్పటికి చూసుకుని తర్వాత సంగతి ఆలోచిద్దామనండి. గడువు కనిపిస్తే మనిషి కాస్త ఊపిరి పీల్చుకుంటాడు.

ఇంకొకటి కూడా ఆయనకి చెప్పండి. వెల్లూరు సీఎంసీ ఆసుపత్రిలో 1966లో రిహాబ్ కేంద్రం మొదలుపెట్టింది డాక్టర్ మేరీ వర్ఘీస్ అనే ఆవిడ. 1954లో కారు ప్రమాదంలో వెన్నుపూస దెబ్బతిని ఆవిడకే నడుం కింద భాగం చచ్చుబడిపోయింది. చక్రాల కుర్చీలోనే కూర్చుని కుష్ఠురోగుల చేతులకి ఆపరేషన్లు చేసింది, తర్వాత న్యూయార్క్ వెళ్లి రిహాబ్ వైద్యం నేర్చుకుని వచ్చి మరీ ఆ కేంద్రం పెట్టింది. మంచాన పడినవాళ్ల మనసు ఎరిగిన మనిషి తెచ్చిన వైద్యమండీ అది. నా వార్డులో ఒక నర్సు నాకీ సంగతి చెప్పినరోజు నేను అటు తిరిగి పడుకోవడం మానేసి ఇటు తిరిగాను.

ఇక అక్కడ ఏం చేస్తారంటారా. మొదటి రోజు ఒక బృందం వచ్చి చూస్తుంది. ఏ కండరంలో ఎంత బలముందో ఒక్కొక్కటీ నొక్కి అంకెలు వేస్తారు, మింగడం ఎలా ఉందో చూస్తారు, మూత్రం పైపు తీయొచ్చో లేదో, వీపు మీద పుండ్లేమన్నా పడుతున్నాయో చూస్తారు, రెండు గంటలకోసారి పక్కకి తిప్పుతారు. తర్వాత నిలబెట్టడం. దీన్ని మా చుట్టాలు ఎవరూ నమ్మలేదు, కాళ్లలో బలం లేని మనిషిని ఎలా నిలబెడతారని. టిల్ట్ టేబుల్ అని ఒక బల్ల ఉంటుంది, దానిమీద పడుకోబెట్టి ఛాతీకి, నడుముకి, మోకాళ్లకి పట్టీలు వేసి బల్లనే మెల్లగా పైకి లేపుతారు. ఈ జబ్బు బీపీని అదుపు చేసే నరాలని కూడా పడుతుంది కాబట్టి కాస్త లేపగానే కళ్లు చీకట్లు కమ్ముతాయి, చెవుల్లో హోరు, చెమట. వెంటనే దించుతారు, బీపీ చూస్తారు, పొట్టకి బెల్టు, కాళ్లకి గుడ్డ చుట్టి మళ్లీ కొంచెం లేపుతారు. రోజురోజుకీ ఇంకాస్త. మొదటిసారి నిటారుగా అయ్యాక నాకు ఎదురుగా మనుషుల ముఖాలు కనిపించాయి, అంతకుముందు వారాల తరబడి నేను చూసింది సీలింగు, వంగి చూసేవాళ్ల గడ్డాలు. ఇంటికి గంటసేపు వచ్చే ఫిజియో ఎంత మంచివాడైనా ఈ బల్ల తీసుకురాలేడు కదా, బీపీ పడిపోతే పక్కన డాక్టరూ ఉండడు. మీ మరిదికి ఈ ముక్క చెప్పండి. ఇంటికొచ్చే ఫిజియో కావాల్సిందే, అయితే డిశ్చార్జి తర్వాత.

ఫిజియో అంటే అందరికీ తెలుసు. ఆక్యుపేషనల్ థెరపిస్టు, అక్కడ ఓటీ అంటారు, ఆ మనిషి చేసే పని ఎవరికీ తెలియదు, నన్నడిగితే మీ ఆయనకి రేపు ఎక్కువ ఉపయోగపడేది ఆవిడే. "మాస్టారూ, మీకు ముందు ఏ పని చేతనవ్వాలి?" అని అడిగింది నన్ను. నడవాలి అంటాననుకుంది కాబోలు. లుంగీ నేనే కట్టుకోవాలన్నాను, ఎందుకంటే ఎవరో ఒకరు వచ్చి నా నడుం దగ్గర ముడి వేయడం నాకు చచ్చేంత సిగ్గుగా ఉండేది. ఆవిడ నవ్వలేదు, రాసుకుంది. మొదట బల్లమీద చిన్న తువాలు పరిచి దాని అంచుని బొటనవేలికీ చూపుడువేలి పక్కకీ మధ్య పట్టుకోవడం, అంతే, అది కూడా జారిపోయేది. తర్వాత రెండు చేతులతో రెండు అంచులు పట్టి దగ్గరికి తేవడం, తర్వాత మడత పెట్టి నడుంలోకి దోపడం, మొదట కూర్చుని, ఆ తర్వాత గోడకి వీపు ఆనించి నిలబడి. అదే పద్ధతిలో అన్నం. పిడికి స్పాంజి చుట్టి లావు చేసిన చెంచాతో మొదలుపెట్టి, పళ్లెంలో మరమరాలు పోసి వేళ్లతో ఏరించి, చివరికి పప్పన్నం కలిపి ముద్ద చేయించింది. కొబ్బరికాయల వ్యాపారి కాబట్టి మీ ఆయన తనకి కావాల్సినవి తనే చెప్పాలి, లెక్కల పుస్తకంలో రాయడమా, నోట్లు లెక్కపెట్టడమా, ఫోన్ ఎత్తి కాయలు దింపేవాళ్లతో మాట్లాడుకోవడమా. అడగకపోతే ఎవరో రాసిపెట్టిన మామూలు జాబితా ప్రకారం చేయిస్తారు, అందుకని మొదటి వారంలోనే చెప్పమనండి.

మింగడం గురించి ఒక మాట. గొట్టం తీసేశారు కదా అని ఇంటి నుంచి పెరుగన్నం క్యారేజీ తీసుకెళ్లి పెట్టేయకండి. మాట, మింగడం సరిచేసే స్పీచ్ థెరపిస్టు చూసి సరేనన్నాకే, ఎంత గట్టిది, ఎంత పలచనిది, ఏ భంగిమలో అన్నది వాళ్లు చెప్పినట్టే. నీళ్లు తాగినప్పుడు దగ్గు వచ్చినా, గొంతు తడితడిగా గరగరలాడినా వెంటనే చెప్పండి, తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోతే మళ్లీ ఐసీయూనే.

కష్టపడితే తొందరగా లేస్తాడన్న నమ్మకం మన వాళ్లకి బాగా ఎక్కువ. ఈ జబ్బులో ఆ లెక్క సరిగ్గా కుదరదు. అలిసిపోయేదాకా చేయిస్తే వచ్చిన బలం కూడా ఆ పూటకి, ఒక్కోసారి రెండు మూడు రోజులకి తగ్గిపోతుంది. అందుకే వాళ్లు కొంచెం చేయించి పడుకోబెడతారు, మళ్లీ సాయంత్రం కొంచెం. అది చూసి "ఇంత డబ్బు కట్టించుకుని పడుకోబెడుతున్నారేంటి" అని మా బావగారు గొడవ పెట్టుకున్నారు. మీ వాళ్లెవరైనా అలా అంటే మీరు అడ్డుపడండి. పుస్తకం చదవలేనంత, ఫోన్ మాట్లాడలేనంత అలసట కూడా ఈ జబ్బులో భాగమే, బలం వచ్చాక కూడా చాలామందికి అది నెలల తరబడి ఉంటుంది, కొందరికి ఏళ్లు. బద్ధకం అనే మాట ఆయన ముందు ఎవరినీ అననివ్వకండి.

అత్తగారి నూనె మర్దనా. ఆవిడ ప్రేమతోనే అంటున్నారు, కసురుకోకండి. కానీ వారాల తరబడి కదలని కాలిలో రక్తం గడ్డకట్టి ఉండే ప్రమాదం ఉంది, గట్టిగా పిసికితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఒక కాలి పిక్క వాచినా, వేడిగా నొప్పిగా ఉన్నా ముట్టుకోకుండా ముందు డాక్టరుకి చూపించండి. స్పర్శ సరిగ్గా లేని పాదానికి కాపడం పెడితే కాలేది కూడా ఆయనకి తెలియదు, బొబ్బలు చూసి మీరే తెలుసుకోవాలి. పావురం రక్తం, పసరు కట్లు, ఏదో ఊళ్లో ఒక్క డోసుతో లేపుతారనే మాటలు మీదాకా వస్తాయి, వచ్చే ఉంటాయి. స్టెమ్ సెల్ ఇంజెక్షన్ అని లక్షలడిగేవాళ్లూ తగులుతారు. పైసా ఇవ్వొద్దు. అత్తగారికి ఏదో ఒకటి చేయాలని ఉంటుంది కాబట్టి డాక్టరు సరేనన్నాక అరచేతులకి కొబ్బరినూనె మెత్తగా రాయడం, ఫిజియో నేర్పిన చేతివేళ్ల వ్యాయామం ఆవిడకే అప్పగించండి. మా అమ్మకి అలాగే అప్పగించారు.

మళ్లీ మామూలు మనిషవుతారా అని అడిగారు. ఈ జబ్బులో మన రోగనిరోధక శక్తే పొరబడి నరాల మీద పడుతుంది, విరేచనాలో జలుబో జ్వరమో వచ్చి తగ్గాక ఇలా జరుగుతుంది. ఏడాదికి లక్ష మందిలో ఒకరికో ఇద్దరికో వస్తుంది, 2025 మొదట్లో పుణెలో ఒక్కసారిగా ఎక్కువమందికి వచ్చినప్పుడు పేపర్లో చూసే ఉంటారు. కరెంటు తీగ మీది ప్లాస్టిక్ తొడుగు ఊడినట్టు నరం పైపొర మాత్రమే పాడైతే అది వారాల్లో, నెలల్లో మళ్లీ ఏర్పడుతుంది. లోపలి తీగే తెగితే అది రోజుకి సుమారు 1 మిల్లీమీటరు చొప్పున పెరగాలి. మోకాలి నుంచి పాదానికి 40 సెంటీమీటర్లు అనుకోండి, అంటే 400 రోజులు. అందుకే నడుం, తొడలు ముందు వస్తాయి, పాదం పైకెత్తడం అన్నిటికన్నా ఆలస్యం. ఆయనది ఏ రకమో నరాలు ఎలా పనిచేస్తున్నాయో చూసే నర్వ్ కండక్షన్ పరీక్ష రిపోర్టు చూపించి అడగండి. ఈ జబ్బు వచ్చినవాళ్లలో ఎక్కువమంది, పదిమందిలో ఎనిమిదిమంది దాకా, ఆరు నెలలకి ఎవరి సాయమూ లేకుండా నడుస్తారు. వెంటిలేటర్ దాకా వెళ్లినవాళ్లకి ఇంకా టైం పడుతుంది, కొందరికి పాదం వేలాడిపోవడం, తిమ్మిరి, నొప్పి మిగిలిపోతాయి. నాకు ఇప్పటికీ ఎడమ పాదం వేలాడకుండా బూటులో ప్లాస్టిక్ ఆసరా (స్ప్లింట్) ఉంది, దాంతోనే బడికి వెళ్తున్నాను, నిలబడే పాఠం చెబుతున్నాను. ఫలానా పండక్కి నడుస్తారు అని ఎవరైనా తేదీ చెబితే నమ్మకండి, అసలు నడవరు అని చెప్పినా నమ్మకండి.

మీరు అడగని సంగతి, కానీ నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించేది, ఆ వార్డులో సగం చదువు మీకు. మంచం మీంచి కుర్చీలోకి మార్చడం నేర్పుతారు, మీరు చేసి చూపించేదాకా వదలొద్దు. చంకల్లో చేతులు పెట్టి గానీ, చేతులు పట్టుకుని గానీ లాగకూడదు, భుజం కీలు జారిపోతుంది, మీ నడుమూ పోతుంది. నడుంకి బెల్టు వేసి, కుర్చీ బ్రేకులు వేసి, ఆయన మోకాళ్లకి మీ మోకాళ్లు అడ్డుపెట్టి, ముందుకి వంచి తిప్పాలి. ఇది రాసి చెబితే రాదు, చేయాలి. దానికన్నా కష్టం ఇంకోటుంది, సాయం చేయకుండా కూర్చోవడం. ముద్ద నోటిదాకా వెళ్లేలోగా సగం ఒళ్లో పడుతుంది, పళ్లెం ముందు అరగంట పడుతుంది, మన ఆడవాళ్ల ప్రాణం ఊరుకోదు, చెయ్యి ముందుకొచ్చేస్తుంది. నా భార్య చేతులు కట్టుకుని అటు తిరిగి కూర్చునేది, ఆ పూట తను ఎంత బాధపడిందో నాకు తెలుసు. ఇంట్లో అయితే అత్తగారు, ఆడపడుచులు, వచ్చేపోయేవాళ్లు, అంతమంది మధ్య ఎవరో ఒకరు తినిపించేసేవాళ్లు.

ఈలోగా ఇల్లు. ఒక టేపు పట్టుకుని మీ మరిదిని కొలవమనండి, మర్దనా గురించి వాదించుకునే టైంలో ఆ పని అయిపోతుంది. వీల్‌చైర్ తేలిగ్గా దూరాలంటే ద్వారం 32 అంగుళాలన్నా ఉండాలి, మన పాత ఇళ్లలో పెరటి గుమ్మం చాలావరకు ఉండదు, గడప ఒకటి అడ్డం. వరద భయంతో మనవైపు అరుగులు ఎత్తుగా కట్టుకుంటాం. ర్యాంపుకి లెక్క ఏమిటంటే అంగుళం ఎత్తుకి 12 అంగుళాల పొడవు, అంటే రెండడుగుల అరుగుకి 24 అడుగులు, వాకిలంతా పోయినా చాలదు. నిటారుగా చెక్క వేసి తోయడం మాత్రం చేయొద్దు, కుర్చీ వెనక్కి పడిపోతుంది. ఇద్దరు మనుషులు మెట్ల మీద కుర్చీ ఎలా దించాలో థెరపిస్టులు నేర్పుతారు, లేదంటే కొన్ని నెలలు నేలమట్టంగా ఉన్న గదేదైనా, పక్కనున్న చుట్టాలదైనా సరే, చూసుకోండి. బాత్రూం పెరట్లో ఉంటే వానాకాలం ఆ దారిలో పాచి పడుతుంది, నడిచే మనుషులే జారిపోతారు. మంచం పక్కనే కమోడ్ కుర్చీ పెట్టుకుంటే మేలు. మంచం ఎత్తు కుర్చీ సీటు ఎత్తుకి సమానంగా ఉండాలి, ఇటుకలు పెట్టించండి. ఇవన్నీ ఫోటోలు తీసి ఓటీకి చూపిస్తే ఆవిడ అదే కొలతలతో ప్రాక్టీసు చేయిస్తుంది. డిశ్చార్జికి ముందు ఒకటి రెండు రోజులు ఇంటికి పంపి చూస్తారేమో అడగండి, కొన్నిచోట్ల పంపుతారు. ఇంటికి ఇంటికి అని ఏడుస్తున్న ఆయనకి ఆ తేదీ చెప్పినా ధైర్యం వస్తుంది.

డబ్బు. చేరేముందే కాగితం మీద రాయించుకోండి, రోజుకి ఎంత, అందులో ఎన్ని పూటలు ఫిజియో, ఓటీ ఉందా లేదా, స్పీచ్ థెరపీ, మందులు, డయాపర్లు దానిలోనేనా విడిగానా. పేరుకి రిహాబ్ అని బోర్డు పెట్టి మంచం, నర్సు మాత్రమే ఇచ్చేవి కూడా ఉన్నాయి, టిల్ట్ టేబుల్ చూపించమనండి, ఓటీ ఎవరో చూపించమనండి. ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర డెస్కు దగ్గర ఏ భాగం ప్రభుత్వ ఆరోగ్య పథకంలోకి వస్తుందో అడగండి, పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో రిహాబ్ చూసే ఫిజికల్ మెడిసిన్ విభాగం గురించి కూడా. వీల్‌చైర్, వాకర్ కొనకండి, అద్దెకి తీసుకోండి, నెలలో సైజు, అవసరం మారిపోతాయి.

తీసుకెళ్లేటప్పుడు వదులుగా ఉండే చొక్కాలు, లుంగీలు, వెనక పట్టీ ఉన్న బూట్లు పెట్టండి, హవాయి చెప్పులు వద్దు. రాత్రిళ్లు ఆయన నిద్రపోకపోయినా, నేనెందుకు బతికానని అన్నా డాక్టరుకి చెప్పండి, దానికీ మందుంది, మాట్లాడేవాళ్లున్నారు. ఇంటికొచ్చాక బలం తగ్గుతున్నట్టు అనిపించినా, ఊపిరి ఆడకపోయినా ఎవరినీ అడక్కుండా ఆసుపత్రికి బయల్దేరండి.

అమ్మాయిని కాలేజీ మాననివ్వకండి. పగలు మీరు, రాత్రుళ్లు మీ మరిది, వారానికో పూట మీ పుట్టింటివాళ్లలో ఎవరో ఒకరు, ఇలా పంచుకోండి, మీరు కూడా కాస్త పడుకోవాలి. పాప ఆదివారాలు రావచ్చు, వచ్చినప్పుడు రాతపనికి ఒక నోట్‌బుక్ తెమ్మనండి, వాళ్ల నాన్నచేత కొబ్బరికాయల లెక్కలు అందులో రాయించవచ్చు. వార్డులో చేరాక ఎలా ఉన్నారో రాయండి.